పత్తిబండి వెనకాల మా వ్యాను

బాపట్లలో మా చెల్లెలి వాకిట్లో వ్యాను నిలబెట్టి, దాని మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల వరండాలో చెల్లెలు, మరిది, పక్కింటివాళ్ళు చేరారు. మమ్మల్ని చూసినప్పుడల్లా అందరూ అడిగేది ఒకటే. ఇల్లు కట్టుకోకుండా ఈ బండిలో ఎన్నాళ్ళు తిరుగుతారని. దానికి నేను సరైన జవాబు ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఆదోని, ఎమ్మిగనూరు వెళ్ళొచ్చిన సంగతులు మొదలుపెడితే మాత్రం ఆ ప్రశ్న మర్చిపోయి వింటారు. అందుకని ఆ ప్రయాణాన్నే వరసగా రాస్తున్నాను.

ముందు మా గురించి రెండు ముక్కలు. మా ఆయన రాఘవయ్య ముప్పై ఏళ్ళు బస్సు నడిపారు. నేను ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సుని. పంతొమ్మిదివందల ఎనభైలో ఇద్దరం ఉద్యోగాల నుంచి బయటపడ్డాం. మాకు పిల్లల్లేరు. ఉన్న డబ్బుతో రెండు గదుల ఇల్లు వేసుకోమని అందరూ చెప్పారు. మా ఆయన వేలంలో ఒక పాత వ్యాను కొనుక్కొచ్చారు. వెనక సీట్లు పీకించి చెక్క మంచం వేయించారు. మంచం కింద ఒక ట్రంకుపెట్టె, ఒక బిందె, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, రెండు కంచాలు. నాకు నాలుగు చీరలు, ఆయనకి మూడు పంచెలు. కొత్తగా ఒక వస్తువు లోపలికి వస్తే పాతది ఒకటి బయటికి పోవాలని నియమం పెట్టుకున్నాం. అద్దె ఇంట్లో ఉన్న మిగతా సామాను బంధువులకు పంచేసిన రోజు నాకు ఏడుపొచ్చింది. వారం తిరిగేసరికి ఏమేం పంచానో గుర్తు రాలేదు.

మద్దికెర

గుంతకల్లు దాటి మద్దికెర చేరేసరికి మధ్యాహ్నం అయింది. కార్తీకం వెళ్ళిపోతున్న రోజులు. వేరుశనగ కట్టె పీకి చేలల్లో కుప్పలు వేసి ఉంది. గాలి వీస్తే పచ్చికాయ వాసన, మట్టి వాసన కలిసి వచ్చేవి. మా వైపు ఆ నెలలో ఎటు చూసినా వరి కోతలు, కాలవ నీళ్ళు. ఇక్కడ భూమి ఎర్రగా, విశాలంగా, ఎక్కడో ఒక తుమ్మచెట్టు పెట్టినట్టుగా ఉంది.

బస్సులు ఆగేచోట ఒకామె ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పప్పులపొడి వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. అర్ధరూపాయికి ఇద్దరం తిన్నాం. "ఇంకా పెట్టేదా?" అని అడిగి, వద్దనేలోపే పెట్టింది. దానికి డబ్బివ్వబోతే తీసుకోలేదు.

"అది నేను పెట్టినానమ్మా, నువ్వు అడిగింది కాదు కదా" అంది.

మా ఊళ్ళ హోటళ్ళలో చట్నీ రెండోసారి అడగడానికే మొహమాటం. ఈ మాట నాకు నచ్చి ఆ రోజంతా మా ఆయనతో అంటూనే ఉన్నాను.

తుగ్గలి

మర్నాడు తుగ్గలి దారిలో మొదటి తప్పు జరిగింది. అది తప్పని అప్పుడు నాకు తెలియలేదు.

అక్కడి రైతులు జొన్న కంకులు రోడ్డు మీద పరుస్తారు. లారీలు, బస్సులు వాటి మీంచి పోతే గింజ రాలుతుంది. మా ఆయన కంకుల మీంచి నెమ్మదిగానే పోనిచ్చారు. కంకుల చివర, ఎండలో, ఒక గంప ఉంది. పగటిపూట, ఎదురుగా, నాకు స్పష్టంగా కనిపిస్తున్న గంప. పక్కకి తిప్పుతారనుకున్నాను. చక్రం దాని మీదుగా పోయింది.

చేలోంచి ఒకామె చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పేరు సుంకమ్మ అని తర్వాత చెప్పింది.

"కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావప్పా? ఇంత గంప కనపడల్యా?"

మా ఆయన స్టీరింగు పట్టుకుని తలొంచుకున్నారు. నేను దిగి, మేం ఉల్లిపాయలు పోసుకునే గంప ఖాళీ చేసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసి, పాతదానికంటే బాగుందని తేల్చుకుని, కోపం వదిలేసి దోసెడు వేరుశనగ కాయలు నా కొంగులో పోసింది.

తొలకరి పడినప్పుడు ఈ చుట్టుపక్కల చేలల్లో వజ్రాలు బయటపడతాయని ఆమే చెప్పింది. వాన వెలిసిన పొద్దుకు ఎక్కడెక్కడి జనమో వచ్చి వంగి వెతుకుతారట. తనూ పదేళ్ళుగా వెతుకుతోందట.

"దొరికితే ఏం చేస్తావు?" అన్నాను.

"ఇల్లు కట్టుకుంటా. మిద్దె. మీ ఇల్లు యాడ?"

వ్యాను చూపించాను. తల లోపలికి పెట్టి మంచం, బిందె, స్టవ్వు ఒక్కొక్కటే చూసింది.

"బాగానే ఉండాది గానీ, చుట్టాలొస్తే యాడ కూసుంటారు?"

నేను నవ్వేశాను. మా ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రమంతా ఉల్లిపాయలు బండిలో అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాయి. ఆయన గంప సంగతి మనసులో పెట్టుకున్నారేమో అనుకున్నాను. పెట్టుకున్న సంగతి వేరని నాకు తట్టలేదు.

ఆదోని దారి

మర్నాడు పత్తికొండ, ఆస్పరి మీదుగా ఆదోనికి పోతున్నాం. పొద్దు గుంకే వేళ. ఎదురుగా ఎర్రటి ఎండ అద్దం నిండా పడుతోంది. పత్తి బస్తాలు ఎత్తుగా పేర్చిన ఎద్దులబండి ఒకటి మా ముందు పోతోంది. దాని వెనక దీపం లేదు. చాలా దూరం నుంచే నాకు కనిపిస్తోంది. దగ్గరవుతోంది. మా ఆయన కాలు బ్రేకు మీదికి పోవడం లేదు.

"ఏవండీ, బండి!" అని అరిచాను.

బ్రేకు తొక్కారు. బిందె దొర్లుకుంటూ వచ్చి నా వీపుకి తగిలింది. నీళ్ళన్నీ మంచం మీదే. వ్యాను ఆగినచోటికీ, పత్తిబస్తాకీ మధ్య జానెడు ఉందో లేదో.

ఆయన దిగి రోడ్డు పక్కన కంకరరాళ్ళ కుప్ప మీద కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏడాదిన్నర. మొదట ఎడమ కన్ను. ఇప్పుడు రెండూ. పొగమంచులో ఉన్నట్టు ఉంటుంది. ఎదురు ఎండ పడితే ఏమీ కనపడదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే బండి ఆపేయమంటావు. బండి ఆపేస్తే ఇంక మనకేముంది?"

కాన్పుల వార్డులో ఎన్ని వందల మంది ఆడవాళ్ళ కింది రెప్ప లాగి రక్తం ఉందో లేదో చూసి ఉంటాను! నా పక్కన పడుకునే మనిషి కళ్ళలోకి ఏడాదిన్నరగా చూడలేదు. ఆయన మీద వచ్చిన కోపం కంటే నా మీద నాకు వచ్చిన కోపం ఎక్కువ.

ఎద్దులబండి తోలేది అరవై దాటిన మనిషి, మహబూబ్ సాబు. ముళ్ళుకర్ర చంకలో పెట్టుకుని మా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. మా ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు.

"పొరలొచ్చినాయా అన్నా? మా అబ్బాజాన్‌కు ఇట్లనే వచ్చినాయి. మనిషిని సూస్తే తెలుస్తాది."

నాకు బండి తోలడం రాదు. ఆయన తోలకూడదు. ఆదోని ఇంకా రెండు మైళ్ళు. మహబూబ్ సాబు తల మీది తెల్లటి తువ్వాలు విప్పి, మా లాంతరు అడిగి తీసుకుని వెలిగించి, రెండూ తన బండి వెనక కట్టాడు.

"ఈ దీపం సూసుకుంటా నా ఎనకే రాండి. నా ఎద్దులు ఎంత పోతే మీరూ అంతే పోవాల. తొందరేం ల్యా."

నేను వ్యాను ఎక్కకుండా ముందు నడిచాను. నా వెనక మా వ్యాను, నా ముందు ఎద్దులబండి. మా ఆయనకి దీపం చుక్కలా కనిపిస్తోందట, అది చాలన్నారు. మొదటి గేరు మీద, ఎద్దుల నడకతో ఆదోని చేరాం. ముప్పై ఏళ్ళలో ఇంత నెమ్మదిగా ఏ ఊళ్ళోకీ వెళ్ళి ఉండరు ఆయన.

ఆదోని

మహబూబ్ సాబు ఇల్లు పత్తి మిల్లుల వెనక సందులో. రెండు గదులు, ముందు రేకుల వసారా. ఆయన భార్య ఖాతూన్‌బీ మమ్మల్ని ఎవరని అడగకుండానే కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. జొన్న పిండి ముద్దని అరచేతుల మధ్య తడుతూ రొట్టె చేస్తుంటే ఆ చప్పుడు చాలాసేపు విన్నాను. అన్నం తప్ప ఎరగని దాన్ని కదా, మొదటి రొట్టె గొంతు దిగలేదు. వేరుశనగ కారంతో రెండోది దిగింది. మూడోది నేనే అడిగాను.

తెల్లవారి ఆదోని చూశాను. బజారులో ఎక్కడ చూసినా పత్తి. బళ్ళ మీద, గోడల అంచుల్లో, మురుగు కాలవలో, మనుషుల మీసాల్లో కూడా. మార్కెట్టు దగ్గర వ్యాపారులు తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని బేరం చేసుకుంటున్నారు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో వచ్చేస్తున్నాయి. ఊరి వెనక కొండ, కొండ మీద కోట గోడలు. అవి చూపించబోతే మా ఆయన కొండ వైపు కాకుండా పక్కకి చూస్తూ "బాగుంది" అన్నారు. ఇంక నేను ఏదీ చూపించలేదు.

ఆ మధ్యాహ్నం ఖాతూన్‌బీ చెప్పింది.

"ఎమ్మిగనూరులో కండ్ల డాక్టర్లు వస్తాండారంట అక్కా. బడిలో మంచాలేసి ఆపరేషన్లు చేస్తారంట. దుడ్డు కూడా తీసుకోరంట. పోండి. యాల ఆలోచన?"

మా ఆయన ఒప్పుకోలేదు. ఆపరేషన్ అయినా మళ్ళీ బండి తోలనిస్తారా అని అడిగారు. అప్పుడు మహబూబ్ సాబు నెమ్మదిగా అన్నాడు:

"అన్నా, నిన్న నా ఎద్దులకు ఏమన్నా అయ్యింటే నేను దేంతో బతకాల?"

మా ఆయన లేచి వ్యాను తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. మహబూబ్ సాబు తమ్ముడు లారీ డ్రైవరు. మర్నాడు అతను మా వ్యాను నడిపి ఎమ్మిగనూరు చేర్చాడు. దారి పొడుగునా పక్క సీట్లో మా ఆయన కుడికాలు నేలకేసి నొక్కుతూనే ఉన్నారు, లేని బ్రేకు కోసం.

ఎమ్మిగనూరు, బడిలో

బడి గదుల్లో బెంచీలు తీసేసి చాపలు, మంచాలు వేశారు. యాభై మంది దాకా ముసలివాళ్ళు. నందవరం నుంచి, నది ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చారు. కొందరు మనవళ్ళ భుజం పట్టుకుని, ఇద్దరైతే ఒకరి కర్ర ఇంకొకరు పట్టుకుని. నర్సునని చెప్పగానే డాక్టరమ్మ నా చేతికి మందు సీసా, చార్టు ఇచ్చింది. ముప్పై ఏళ్ళు పుట్టినవాళ్ళ మొదటి ఏడుపులు విన్నాను. ఇక్కడ పనే వేరు. కట్టు విప్పాక ఎవరేం చూస్తారోనని పక్కన నిలబడడం.

మా ఆయనకి ముందు కుడికన్ను చేశారు. ఐదు రోజులు వెల్లకిలా పడుకోవాలి. తల అటూ ఇటూ తిప్పకూడదు. దగ్గకూడదు. ఎప్పుడూ ఒకచోట ఉండని మనిషికి అది ఎలాంటి శిక్షో నాకు తెలుసు. పక్క మంచం ముసలాయన రోజంతా తన గొర్రెల కథలు చెబుతుంటే మా ఆయన నవ్వు ఆపుకోలేక డాక్టరమ్మ చేత తిట్లు తిన్నారు.

ఆరో రోజు కట్టు విప్పారు. కాస్త గుడ్డిగా, నీళ్ళు కారుతూ, వేళ్ళు లెక్కపెట్టారు. సరిగానే చెప్పారు. డాక్టరమ్మ సంతోషించి, నెలన్నర తర్వాత అద్దాలిస్తామని, రెండో కన్ను వచ్చే ఏడాది చూద్దామని చెప్పింది.

"అద్దాలు పెట్టుకుని బండి తోలొచ్చామ్మా?" అని అడిగారు.

"వద్దు నాయనా. ఆ అద్దాల్లో పక్కలు కనపడవు. మీ సరదాకి ఇంకొకరి ప్రాణం మీదికి తేవద్దు."

ఆయన తల ఊపారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ మర్నాడే బడి గేటు దగ్గర నూలు వ్యాపారి ఒకాయన వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, అమ్ముతారా అని నన్ను అడిగాడు. మంచి ధరే చెప్పాడు. మా ఆయన్ని అడిగి చెబుతానన్నాను. లోపలికి వెళ్ళాను. మంచం మీద వెలుతురు పడకుండా కళ్ళకి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని పడుకున్న మనిషిని చూశాను. బయటికొచ్చి, అమ్మేది లేదని చెప్పేశాను.

ఆ రాత్రి కాదు, ఆ క్షణమే భయం పట్టుకుంది. అమ్మకపోతే తోలేదెవరు?

నేత వీధి

నెలన్నర ఉండాలి కదా. బడికి దగ్గర్లో నేతగాళ్ళ వీధి చివర ఖాళీ స్థలంలో వ్యాను పెట్టుకోమన్నది లక్ష్మక్క. ఆమె మొగుడు పోయాక రెండు మగ్గాలు తనే నడిపిస్తోంది. దుప్పట్లు నేస్తుంది. తెల్లవారగానే మగ్గాల టకటకలతో లేచేవాళ్ళం. సంత రోజు తప్ప సంత మైదానం ఖాళీగా ఉంటుంది.

"నాకు నేర్పండి" అన్నాను ఒక ఉదయం.

"ఏం?"

"తోలడం."

ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి ఆయన ముఖం కనపడలేదు. యాభై మూడేళ్ళదాన్ని. సైకిలు కూడా తొక్కలేదు ఎప్పుడూ. "చీర కుచ్చెళ్ళు పైకి దోపుకో, క్లచ్చులో పడతాయి" అన్నారు.

ఆయన చూడకుండా, చెవులతో నేర్పించారు. ఇంజను గొంతు మారితే "ఇప్పుడు మార్చు" అనేవారు. తప్పు గేరు వేస్తే తనకే దెబ్బ తగిలినట్టు మూలిగేవారు. వారం రోజుల్లో మైదానం చుట్టూ తిరగడం వచ్చింది. ధైర్యం ఎక్కువై, ఒక పొద్దున నేరుగా వీధిలోకి తెచ్చాను. వీధి పొడుగునా లక్ష్మక్క పడుగు సాగదీసి ఉంది. ఇరవై గజాల నిలువు పోగులు, మధ్యలో వెదురు కర్రల ఆసరా, గంజి పెట్టి ఆరబెడుతున్నారు. బ్రేకు అనుకుని క్లచ్చు తొక్కాను. బండి ఆగకుండా జారింది. రెండు కర్రలు పడిపోయాయి. ఎన్ని పోగులు తెగాయో.

వీధంతా ఒక్కసారి అరిచింది. నేను సీట్లోనే కూర్చుండిపోయాను. లక్ష్మక్క వచ్చి తలుపు తెరిచింది.

"దిగక్కా. ఏడుస్తే పోగులు అతుక్కోవు. రా, ముడేద్దాం."

పొద్దు గూకేదాకా ఇద్దరం రోడ్డు మీద కూర్చుని తెగిన కొసలు వెతికి కలిపాం. కుట్లు వేసిన వేళ్ళు కదా, రెండో గంటకే ముడి పట్టు దొరికింది. మధ్యలో ఆమె అంది:

"మా ఆయన పోయిన నెలలో నేను మగ్గం ఎక్కితే ఈ వీధోళ్ళు నవ్వినారు. ఆడది మగ్గం గుంతలో కూసుంటుందా అని. మొదటి దుప్పటి వంకర వచ్చింది. దాన్ని నేనే కప్పుకుంటాండా ఇప్పటికీ."

ముడి వేసి, పోగు లాగి చూసి, "రేపు పొద్దున పడుగు ఉండదు. వీధిలోకి తోలు" అంది. తోలాను. వీధి రెండు వైపులా గుమ్మాల్లో ఆడవాళ్ళు నిలబడి చూశారు. ఒకరిద్దరు నవ్వారు. చివరిదాకా ఆగకుండా పోయాను.

అద్దాలు వచ్చిన రోజు మా ఆయన వాటిని పెట్టుకుని మొదట ఆకాశం చూశారు, తర్వాత మగ్గం మీద దుప్పటి రంగులు చూశారు. నా వైపు తిరిగారు. చాలాసేపు చూశారు.

"నీ జుట్టు ఎప్పుడు నెరిసింది?" అన్నారు.

లక్ష్మక్క పగలబడి నవ్వింది.

కర్నూలు వెళ్ళి లైసెన్సు పరీక్షకి హాజరయ్యాను. ఆఫీసరు రెండుసార్లు నా వయసు అడిగి, వ్యాను వెనక్కి తోలించి, ఇంకేం అడగాలో తెలియక సంతకం పెట్టాడు. బయల్దేరే రోజు లక్ష్మక్క ఒక దుప్పటి తెచ్చింది. మా నియమం చెప్పాను. అయితే నీ పాత దుప్పటి నాకియ్యి అంది. ఇచ్చాను. అంతకుముందే ఒక ఆదివారం ఆదోని వెళ్ళి మహబూబ్ సాబు వాళ్ళకి కనపడి వచ్చాం. నా నడుముకి తాళంచెవి దోపి ఉండటం చూసి ఆయన ఖాతూన్‌బీని కేకేసి పిలిచాడు. ఇద్దరూ వ్యాను చుట్టూ తిరిగి చూసి, మిఠాయి తెప్పించారు.

నందవరం దారి

మాఘమాసం పొద్దు. చలి ఇంకా ఉంది. ఎమ్మిగనూరు వెనకబడింది. రోడ్డుకి అటూ ఇటూ జొన్నచేలు, పొద్దుతిరుగుడు, దూరంగా కాలవ. గొర్రెల మంద అడ్డం వస్తే ఆగి, అవి పోయాక కదిలాను. మూడో గేరులో ఇంజను గొంతు సాఫీగా ఉంది. మా ఆయన పక్క సీట్లో కూర్చుని మైలురాళ్ళు ఒక్కొక్కటే పైకి చదువుతున్నారు. నాలుగో రాయి చదివారు. ఐదో రాయి చదవలేదు.

తిరిగి చూశాను. నిద్రపోతున్నారు. అద్దాలు ముక్కు మీదికి జారి, నోరు కొంచెం తెరుచుకుని, తల కిటికీకి ఆనించి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. రైల్లో ఎక్కినా, ఎవరి బండిలో ఎక్కినా, దారి అయ్యేదాకా రెప్ప వేసేవారు కాదు. కదులుతున్న బండిలో ఆయన నిద్రపోవడం నేనదే మొదటిసారి చూడటం.

నందవరంలో ఆగి టీ తాగుదామని అనుకున్నాం. ఊరు వచ్చింది. రోడ్డు పక్కనే టీ కొట్టు, ఆవిరి, బెంచీ మీద నలుగురు. గేరు తగ్గించి, ఇంజను గొంతు మారి ఆయనకి మెలకువ రాకుండా జాగ్రత్తగా, ఆ కొట్టు దాటించాను. ఆయన లేవలేదు. నేను ఆపలేదు.